చిత్తూరు మీదుగా రాయవేలూరుకు

తిరుపతి నుంచి కాట్పాడి వెళ్లే రైలు ఎప్పుడు ఎక్కినా ఆస్పత్రి ఫైళ్లు ఒడిలో పెట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. ఆరోజు వాళ్లలో మేమూ ఉన్నాం: స్విమ్స్‌లో డయాలసిస్ చేయించుకుంటున్న చిన్నమ్మ, ఆమెకు కిడ్నీ ఇస్తానని బయల్దేరిన చిన్నాయన, తోడుగా నేను. చంద్రగిరి, పాకాల, చిత్తూరు దాటిందాకా చిన్నాయనది ఒకటే మాట: "ఇద్దరిదీ ఒకే గ్రూపు. ఇంకేం అడ్డం?"

మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో జరిగింది మేం వెళ్లిన వేలూరు సీఎంసీ ఆస్పత్రిలోనే. రక్తం గ్రూపు కలవడం మొదటి మెట్టు మాత్రమేనని మాకు అక్కడే తెలిసింది. చిన్నాయన తెల్లకణాలను చిన్నమ్మ సీరంతో కలిపి చూశారు. ఆమె యాంటీబాడీలు వాటిని పట్టేసుకున్నాయి. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్.

"ముగ్గురు బిడ్డల్ని కన్నారు కదమ్మా, అప్పటివి" అన్నాడు తెలుగు తెలిసిన డాక్టరు.

మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లుంటాయి. సగం తల్లివి, సగం తండ్రివి. కణంలోని ప్రొటీన్ ముక్కల్ని అవి పైకి తెచ్చి చూపిస్తాయి. టీ కణం ఆ ముక్కనూ, దాన్ని పట్టుకున్న హెచ్‌ఎల్‌ఏనూ కలిపే గుర్తిస్తుంది. ఎలుకల మీద పరిశోధించి 1974లో ఈ సంగతి చెప్పిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ వచ్చింది. బీ కణాలు తయారుచేసే యాంటీబాడీలకు ఆ ముక్కలతో పనిలేదు, పరాయి హెచ్‌ఎల్‌ఏనే నేరుగా పట్టుకుంటాయి. గర్భంలో, కాన్పులో బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. వాటి మీదుండే తండ్రి గుర్తుల్ని ఆమె ఒళ్లు పరాయివిగా ఎంచి, ఏళ్లు గడిచినా మరవకపోవచ్చు.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. చిన్నమ్మే ఆయన్ను ఓదార్చింది: "నా ఒంటికి నువ్వు కొత్తేం కాదంటలే, దిగులు పడబాక." కన్నబిడ్డలే కారణమైన అడ్డంకిని ఆమె అంత తేలిగ్గా తీసుకోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాత పీలేరు నుంచి చిన్నమ్మ తోడబుట్టిన మా మేనమామ వచ్చాడు. తోబుట్టువులకు హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. వీళ్లకు సగం కలిసింది, క్రాస్‌మ్యాచ్ నెగటివ్ వచ్చింది. మార్పిడికి అది చాలన్నారు. మేనరికాలున్న మా వైపు కుటుంబాల్లో దూరపు బంధువులకూ కొంత కలిసే వీలుంటుంది. అంతమాత్రాన మేనరికాలు మంచివని కాదు, వాటితో వచ్చే జన్యు జబ్బులూ మాకు తెలుసు.

మీ ఇంట్లో ఎవరికైనా మార్పిడి మాట వస్తే, ఎన్ని కాన్పులయ్యాయో, గర్భం పోయిందో, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో మొదటిరోజే డాక్టరుకు చెప్పండి. ఒకరిది కుదరకపోతే ఆశ వదలకండి, ఇంకొకరికి పరీక్ష చేయించండి.