ఏ పనికి ఆ పట్టు

కమ్మరి కొలిమి దగ్గర పట్టకారు వేరు. కంసాలి చేతిలో శ్రావణం వేరు. ఎవరి పనికి తగ్గది వాళ్లకుంటుంది. మన ఇళ్లలో మాత్రం అన్నిటికీ ఒకటే కటింగ్ ప్లయర్! కొళాయి కారినా, మేకు ఊడబెరకాలన్నా, ఫ్యాను వైరు తెగినా ఇంటాయన చెయ్యి ముందు దానిమీదకే పోతుంది. సుత్తి కనపడకపోతే మేకు కొట్టేదీ దాంతోనే. పాపం, అది కాదనదు. పనే చెడుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది.

ఆ ప్లయర్ నోరు ఓసారి చూడండి. కొసనున్న గరుకు పళ్లు పట్టుకోవడానికి. కీలు దగ్గరి పదును తీగ తెంచడానికి. తీగను కీలుకు ఎంత దగ్గరగా పెడితే అంత తేలిగ్గా తెగుతుంది. ఇంటి పనులకు 8 అంగుళాలది చాలు.

స్విచ్‌బోర్డులో వేలు దూరని చోట సన్న వైరు వంచాలంటే నోస్ ప్లయర్ కావాలి. బలమంతా పెట్టి లాగితే దాని ముక్కు వంకరపోతుంది. వైరును అంచుకంటా తెంచాలంటే సైడ్ కట్టర్. సింకు కింద పెద్ద నట్టుకు, దవడల వెడల్పు మార్చుకోగలిగే వాటర్ పంప్ ప్లయర్. మూలలు అరిగి ఎంతకీ కదలని బోల్టుకు లాకింగ్ ప్లయర్. ఒకసారి బిగిస్తే చెయ్యి వదిలినా అది వదలదు. అమెరికాలోని నెబ్రాస్కాలో స్థిరపడిన విలియం పీటర్సన్ అనే కమ్మరి ఇలా బిగుసుకునే ఏర్పాటుకు 1924లో పేటెంటు పొందాడు.

మరి మామూలు నట్లకో? స్పానరే వాడాలి. ప్లయర్ పళ్లు నట్టు మూలల్ని అరగదీస్తాయి. ఆ తర్వాత సరైన స్పానరు తెచ్చినా జారిపోతుంది.

అసలు ప్రమాదం పిడి దగ్గరుంది. ‘ఎర్ర ప్లాస్టిక్ తొడుగు ఉందిగా, షాక్ కొట్టదులే’ అనుకుంటారు చాలామంది. మామూలు ప్లయర్లకు ఆ తొడుగు చేతికి పట్టు కోసమే. కరెంటు పనికి కొనేటప్పుడు పిడి మీద జంట త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల అంకె ఉన్నాయేమో చూసుకోవాలి. తొడుగు చీలిందా, అది కరెంటు పనికి రాదు. ఎంత మంచిదైనా సరే, మెయిన్ ఆపి, టెస్టరుతో చూశాకే వైరు ముట్టుకోవాలి.

కొట్లోనే ప్లయర్ నోరు మూసి వెలుతురుకెత్తి చూడండి. పదును అంచుల మధ్య సందు కనిపిస్తే పక్కన పెట్టేయండి. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్‌తో మొదలుపెడితే చాలు. ఇంట్లో పిల్లలు నాన్న చేతులనే గమనిస్తుంటారు. బోర్డు విప్పేముందు ఆయన మెయిన్ దగ్గరికి వెళ్తే, రేపు వాళ్లూ ముందు అక్కడికే వెళ్తారు.