పలక మీద నొప్పి లెక్క

మార్కాపురం దగ్గర పల్లెలో ఉండే మా పిన్నికి మోకాళ్ల నొప్పులు. మొన్న ఆమెను తీసుకుని ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. మాకంటే ముందున్న పెద్దావిడ నర్సుతో గొడవ పడుతోంది. "ఒక సూదేసి పంపియ్ తల్లీ, ఈ మాటలన్నీ నాకెందుకు?"

నర్సు విసుక్కోలేదు. పెద్దావిడ వేళ్లు ఒక్కొక్కటే తెరిచి, మూసి చూసింది. ఏళ్ల తరబడి పలకల ఫ్యాక్టరీలో అరిగిన వేళ్లవి.

"ఎందాకా నడిస్తే నొప్పి మొదలైతుంది అవ్వా?"

"రాములోరి గుడి కాడికి."

"అయితే గుడిదాకా పోవద్దు. సగం దోవలో బోరింగు కాడ కూర్చో. నొప్పి వచ్చినాక కాదు, రాకముందే ఆగాల. మూడు రోజులైనాక ఇంకో పది అడుగులు."

నడిచినప్పుడల్లా ఒక గీత గీయమని పలక చేతికిచ్చింది. వెంట వచ్చిన కోడలికి వేరే పని చెప్పింది. "నొప్పెట్లుందని అడగొద్దు. ఎన్ని గీతలైనాయో అడుగు."

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికా మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్ 1976లో దీనిమీద పుస్తకం రాశాడు. నొప్పి పుట్టినప్పుడల్లా పడుకుంటే కదలాలంటే భయం పెరుగుతుంది, కండ సడలుతుంది, ఈసారి నొప్పి ఇంకా తొందరగా వస్తుంది. నొప్పిని చూసి కాక లెక్కను చూసి ఆగితే ఆ చుట్టు తెగుతుంది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని నర్సును అడిగాను.

"ముందు పనిచేసిన ఆసుపత్రిలో ఒక ఫిజియోథెరపీ మేడమ్‌ను చూసి. ట్రైనింగ్‌లో మాకు బీపీ, షుగరు, కాన్పులు నేర్పారు సార్. ఇది నేర్పలేదు."

ఆ మాట నన్ను కలచివేసింది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. మార్కాపురానికి పక్కనున్న పొదిలి, కనిగిరి, దర్శి ఆనాడు ఆ జిల్లావే. నీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి కీళ్లను బిగిస్తే, ఆ బిగువును వెనక్కి తిప్పే మందు లేదు. అలాంటి గడ్డ మీద నర్సుకు నొప్పి గురించి పాఠం లేకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే మూత్రపిండాలు పాడయ్యే ప్రమాదం ఉంది. అయినా మన జనానికి దగ్గరగా దొరుకుతున్నవి ఆ బిళ్లా, ఆ సూదే.

డాక్టరు పరీక్ష ముందు జరగాల్సిందే. ఆ తర్వాత రోగితో రోజూ బతికేది ఊరి నర్సే. ఈ ఫ్లోరైడు నీటికి బదులు, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు రావాలి. వచ్చినా, ఇప్పటికే బిగుసుకున్న కీళ్లు విడవవు. అధికారులకు నా విన్నపం ఒక్కటే: గ్రామ నర్సుల శిక్షణలో ఈ పాఠం చేర్చండి, రోగికి పావుగంట కేటాయించే వీలు వాళ్లకివ్వండి. పలకకూ బలపానికీ మార్కాపురంలో కొదవ లేదు.