చిల్లు ఎవరు పెట్టారు?

పోయిన ఏడాది మా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు వాళ్ళ నాయనమ్మ రూపాయల దండ పట్టుకొని బడికి వచ్చాడు. ఫోన్‌లో ఎవరో ఫోటో చూసి, అందులో ఒక రూపాయి టంకశాలలోనే తప్పుగా పడిందని, లక్షలు వస్తాయని చెప్పారట. ముందు రిజిస్ట్రేషన్ కింద రెండు వేలు పంపాలట. "పంపమంటారా సార్?" అన్నాడు.

సైన్సు పెట్టెలోని భూతద్దం తెచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాం. ఇలాంటి దండలు మా ఇళ్ళలోనూ ఉన్నాయి. పండుగకు వేసుకున్నాం, కరువులో కుదువ పెట్టాం. ఒక్కో బిళ్ళను ఇలా చూసింది మాత్రం లేదు.

అది 1919 నాటి వెండి రూపాయి. రాజు చెంప మీద అడ్డంగా ఒక గీత, పక్కన అంచు కొంచెం పోయి ఉంది. టంకశాలలో రెండు అచ్చుల మధ్య బిళ్ళను పెట్టి కొడతారు. అచ్చు పగిలితే ఆ పగులులోకి వెండి చొరబడి, నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. ఈ గీత లోతుగా ఉంది. దాని పక్కన వెండి లేచి ఉంది. అంటే నాణెం తయారయ్యాక పడిన గాటు.

ఇక అంచు. బిళ్ళ కోసేటప్పుడే ముక్క తగ్గితే, దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా చాలాసార్లు పల్చగా పడుతుంది. ఇక్కడ ఎదుటి అంచు నిండుగా ఉంది. పోయిన చోట ఆకురాయి గీతలు, టాకా మరక కనిపించాయి.

వాడు దండలోని రాగి రంగు కాణీ చూపించి, "మరి దీనికి చిల్లుంది కదా?" అన్నాడు. అది 1943ది. యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి ప్రభుత్వమే నడిమి చిల్లుతో కొట్టించింది. 1947 దాకా అవి వచ్చాయి. అందులో అక్షరాలు చిల్లును వదిలి చుట్టూ ఉంటాయి. మనం పెట్టిన చిల్లయితే అక్షరాన్నో ముఖాన్నో తొలుచుకుపోతుంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అడిగాం. కొడుకు జబ్బు పడ్డ ఏడు కుదువ పెట్టబోతే, వెండో కాదోనని సేటు ఆకురాయి పెట్టాడని నాయనమ్మ చెప్పింది. రింగు ఊడితే అవుసలాయన అంచు అరగదీసి మళ్ళీ అతికాడట.

పిల్లవాడు డబ్బు పంపలేదు. పాత నాణేల పేరుతో తమ పేరు వాడుకొని రుసుము అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

మా తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కింద మేము మా అమ్మ దండకు రింగులన్నీ తీయించి, నునుపు చేయించి అంగడిలో అమ్మాం. నునుపు చేస్తే ఎక్కువ ధర వస్తుందనుకున్నాం. తూకం వేసి వెండి ధర ఇచ్చారు. ఏ గాటు ఏ ఏడు పడిందో అమ్మను అడగనే లేదు. ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఒక రోజు పిల్లలతో ఇంట్లోని నాణేలను చూసి రమ్మనండి. ఉబ్బు గీతేదో, లోతు గీతేదో చూడనివ్వండి. లోతు గీత కనిపిస్తే, పక్కనే కూర్చున్న నాయనమ్మను అడిగి రాసుకొమ్మనండి.