అమ్మానాన్నలను చూడ్డానికి సెలవు

చైనాలో 2013 జులై 1న ఒక చట్టం అమల్లోకి వచ్చింది. వేరే ఊళ్లో ఉంటున్న పిల్లలు ముసలి తల్లిదండ్రులను తరచూ వెళ్లి చూడాలి, లేదా పలకరిస్తూ ఉండాలని అందులో ఉంది. తత్వవేత్త కన్‌ఫ్యూషియస్ పుట్టిన దేశంలో ఈ మాట చట్టంలో రాయాల్సి వచ్చింది! గౌరవం లేకుండా తల్లిదండ్రులకు తిండి పెడితే అది సేవ కాదని ఎప్పుడో చెప్పినవాడాయన.

నాకైతే బుద్ధుడి ఆలోచన ఇంకా నచ్చుతుంది. రాజగృహంలో సిగాలుడనే యువకుడికి బోధిస్తూ ఆయన పిల్లల బాధ్యతల దగ్గరే ఆగలేదు. తల్లిదండ్రులవీ చెప్పాడు, యజమానులవీ చెప్పాడు. పనివాళ్లకు వేళకు సెలవివ్వడం కూడా వాటిలో ఒకటి. సెలవే దొరకని కొడుకు, కూతురు ఊరికెలా వెళ్తారు? పెద్దల ఒంటరితనానికి పిల్లలను మాత్రమే నిలదీయడం అన్యాయం.

మీ కింద పనిచేసేవాళ్లు అమ్మానాన్నలను చూసొస్తామని అడిగితే, దయచేసి కాదనకండి.