గాజుపూసలూ ఫినాలూ

ఫినాల్ ఒంటిమీద పడితే వెంటనే మంట తెలియదు. పడ్డచోట తిమ్మిరెక్కుతుంది, చర్మం తెల్లగా పాలిపోతుంది. నొప్పి మొదలయ్యేసరికే కాలాల్సింది కాలిపోయి ఉంటుంది. నా ఎడమ మణికట్టు మీది మచ్చ అలా వచ్చిందే.

పీహెచ్‌డీ పనికి నాకు ఈస్ట్ డీఎన్ఏ కావాలి, అదీ వీలైనంత పొడవుగా, తెగకుండా. రొట్టెపిండి పొంగించే ఈస్టే. 16 క్రోమోజోములు, సుమారు 1.2 కోట్ల బేస్ జతలు. దాని జన్యుక్రమాన్ని 1996లోనే చదివేశారు. కానీ ఆ డీఎన్ఏ బయటికి రావాలంటే ముందు కణం గోడ పగలాలి. గ్లూకాన్, మానోప్రొటీన్లు, కాస్త కైటిన్ కలిసి అల్లుకున్న గోడ అది. ఉత్త డిటర్జెంటుకు లొంగదు.

మా ల్యాబులో అందరూ చేసేది హాఫ్‌మన్, విన్‌స్టన్ 1987లో ప్రచురించిన పద్ధతి. కణాలు, బఫరు, ఫినాల్-క్లోరోఫామ్, ఆవగింజ కన్నా సన్నటి గాజుపూసలు ఒకే ట్యూబులో వేసి వోర్టెక్స్ మీద కొన్ని నిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఆ రాత్రి ఒక పూస మూత అంచులో ఇరుక్కుంది. పైకి మూత పడినట్టే ఉంది. అదురుకు ఫినాల్ సన్నగా చిమ్మి, పల్చటి నైట్రైల్ గ్లవ్ మీద పడి లోపలికి దిగింది.

"చెయ్యేంటే అలా తెల్లబడింది?" అని సీనియర్ అక్క అడిగేదాకా నాకు తెలియలేదు. గ్లవ్ లాగేసి, పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో తుడిచిందే తుడిచి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. దారిలో మొదలైంది నొప్పి. ఏడుపు ఆగలేదు. ఆ సీసా ఎక్కడుందో అక్కకు తెలిసి ఉండకపోతే ఏమయ్యేదో. ఫినాల్ వాడే ప్రతి ల్యాబులో అది చేతికందే చోట ఉండాలి, మందపాటి గ్లవ్స్ కూడా. ఖర్చు సంగతి ఎవరూ ఎత్తకూడదు.

ఇంత జరిగీ, పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ మీద కనిపించింది పైనుంచి కిందికి సాగిన మరక. పూసల దెబ్బకు డీఎన్ఏ ముక్కలైంది. పీసీఆర్‌కు చాలు, నాకు చాలదు.

కట్టు విప్పాక ఆ ట్యూబు పట్టుకోవడానికే భయం. అక్కే జైమోలేజ్ చేతికిచ్చింది. సార్బిటాల్‌లో, 37 డిగ్రీల దగ్గర ఆ ఎంజైము గోడను మెల్లగా కరిగిస్తుంది. మైక్రోస్కోపు కింద ఒక చుక్క ఎస్‌డీఎస్ డిటర్జెంటు కలపగానే మెరిసే కణాలు నీడల్లా మారిపోయాయి. గోడ పోయిందన్నమాట. ఆపైన వోర్టెక్స్ ముట్టలేదు. వెడల్పు మూతి టిప్పులే వాడాను. ఇథనాల్ పోస్తే తెల్లటి పోగులు తేలాయి. సీక్వెన్సింగ్‌లో కొన్ని రీడ్లు, టెలోమియర్ల పక్కన మళ్లీ మళ్లీ వచ్చే భాగాలను ఒక్క ముక్కగా దాటాయి. నాకు కావలసింది అదే.