ఖాళీ లారీ కుదుపు

ఖాళీ లారీ ఎప్పుడైనా ఎక్కారా? ధాన్యం బస్తాలు మిల్లులో దింపేసి తిరిగొచ్చే లారీ అన్నమాట. నేను ఎక్కాను, చిన్నప్పుడు, తాడేపల్లిగూడెం దగ్గర. పొద్దున లోడుతో వెళ్లేటప్పుడు పల్లకీలా ఊగుతూ వెళ్లిన బండి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద బఠాణీ గింజ కనిపించినా ఎగిరి గంతేసింది. "ఇదేంటి బాబాయ్, ఇలా కొడుతోంది?" అని డ్రైవర్ని అడిగితే, "కడుపు ఖాళీగా ఉంటే ఎవరికైనా చిరాకే కదరా" అన్నాడు. ఆ మాటలో ఎంత ఇంజనీరింగు దాగుందో ముప్ఫై అయిదేళ్ల తర్వాత, నా సొంత జిప్సీ వెనక గొంతుకు కూర్చున్న రోజున గానీ నాకు తెలిసిరాలేదు.

అవునండీ, జిప్సీయే. 1985 చివర్లో మారుతీ వాళ్లు మన రోడ్ల మీదకి వదిలిన ఆ బుల్లి జీపు. పోలీసులు తిరిగారు, సైన్యం తిరిగింది, అడవి శాఖ తిరిగింది. తయారీ ఆగిపోయినా దాని మీద మోజు మాత్రం ఆగలేదు. నాలుగు చక్రాలకీ కమాన్ పట్టీలే, అంటే లీఫ్ స్ప్రింగులే. ముందు నుంచీ దానికి మెత్తన అనే పేరు లేదు. అలాంటిదాన్ని సెకండ్ హ్యాండులో కొని, చాలదన్నట్టు, రెండంగుళాల ఎత్తు పెంచే కిట్ వేయించాను. వేసినవాళ్లెవరో, ఏ ఊరివాళ్లో చెప్పను. "రాళ్లు రప్పలు దాటేస్తుంది సార్" అన్నారు. నిజమే, దాటేసింది. దాటిన ప్రతి రాయినీ నా వెన్నుపూసకి పేరుపేరునా పరిచయం చేసింది కూడా.

పాడేరు వెళ్లాం ఓసారి. వెనక అడ్డసీట్లో మా బావమరిది. ఘాట్ దిగాక ఓ మట్టిదారిలో వాడి తల పైన ఇనప గొట్టానికి మూడుసార్లు తగిలింది. నాలుగోసారి వాడే బండి ఆపించి దిగి, "బావా, నువ్వు పద. నేను ఆర్టీసీ బస్సులో వస్తా" అన్నాడు. ఆ దారిలో బస్సు రాదని తెలిసే అన్నాడు!

తిరిగొచ్చాక తెలిసినవాళ్లందర్నీ అడిగాను. అందరిదీ ఒకటే మాట: "ఓ పట్టీ పీకించెయ్, సుఖపడతావు." కడుపునొప్పి అంటే ఒకర్ని చూసి ఒకరు వాము నమలమన్నట్టు. ఏ పట్టీ పీకాలి, ఎందుకు పీకాలి, పీకాక ఏమవుతుంది అని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చివరికి బెజవాడ ఆటోనగర్లో ఓ కమాన్ మేస్త్రీ దగ్గర తేలాను. పెద్దాయన. బండి చుట్టూ ఓసారి తిరిగి, వెనక బంపరు మీద కాలు పెట్టి తొక్కి చూశాడు. బండి చెక్కుచెదరలేదు. నేను పట్టీ సంగతి ఎత్తబోతుంటే చెయ్యడ్డం పెట్టి, "బాబుగారూ, వెనక్కాల బరువెంత?" అన్నాడు.

తెల్లమొహం వేశాను. పెళ్లి చూపుల్లో జీతం అడిగితే నీళ్లు నమిలినట్టయింది.

"ముందు కాటాకి వెళ్లి రండి. ముందు చక్రాలు కిందే ఉంచి, వెనక చక్రాలు మాత్రమే కాటా మీదకి ఎక్కించండి."

వెళ్లొచ్చాను. నాలుగొందల చిల్లర కిలోలు తేలింది. కిట్ తాలూకు కాగితం ఎక్కడుందో వెతికి చూస్తే అందులో రాసే ఉంది. ఎప్పుడూ అదనంగా రెండొందల కిలోల సామాను మోసే బండికి చేసిన కమాన్ కట్ట అది! నేను మోసేదల్లా ఓ స్టెప్నీ, ఓ నీళ్ల క్యాను, ఓ బావమరిది. అంటే నేను నడుపుతున్నది ఖాళీ లారీయే. ఏజెన్సీ జీపులు చూశారుగా, ఇరవై మంది వేళ్లాడుతూ ఉన్నా హాయిగా కొండెక్కుతుంటాయి. ఆ కమాన్లకి మనుషులంటేనే ప్రాణం.

అప్పుడైనా పట్టీ విప్పుతాడనుకున్నాను. విప్పలేదు. "గట్టిగా ఉన్నది పట్టీయో, పట్టీని కదలనివ్వని ఇంకోటో ముందు తేలాలి" అన్నాడు. అసలు సంగతంతా ఈ ఒక్క ముక్కలోనే ఉందని నా అభిప్రాయం.

మొదట టైర్లు చూశాడు. 35 గాలి కొట్టించి తిరుగుతున్నాను, మైలేజీ వస్తుందని. అంత తేలిక బండికి అంత గాలంటే నాలుగు చక్రాల బదులు నాలుగు రోకళ్లు బిగించుకున్నట్టే. తలుపు పక్కన అంటించిన చీటీలో ఎంతుంటే అంతకి దించాడు. రాళ్లలోకి వెళ్లినప్పుడు ఇంకాస్త దించుకోవచ్చు గానీ, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాల్సిందే.

తర్వాత వెనక షాకబ్జర్లు రెండూ ఊడదీసి బంపరు తొక్కాడు. ఈసారి కాస్త కదిలింది. అంటే సగం పాపం వాటిది. కిట్ తో వచ్చిన గ్యాసు షాకబ్జర్లు బరువు బండికి తగ్గవి, తేలిక బండికి మరీ బిగుతు. పాపం, తిట్లన్నీ తిన్నది కమాను. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, ఓ స్పానరు చాలు. అయితే షాకబ్జర్లు లేకుండా బండి రోడ్డెక్కించకండి, అలలా ఊగి పక్కకి పోతుంది.

మూడోది షాకిల్. కమాను ఒక కొస ఛాసిస్ కి నిలకడగా ఉంటుంది. రెండో కొస ఈ రెండు పలకల ఉయ్యాలకి వేలాడుతుంది. బరువు పడి కమాను చదునైతే దాని పొడుగు పెరుగుతుంది కదా, ఆ పెరిగినంత మేరా షాకిల్ వెనక్కి ఊగి చోటివ్వాలి. నా బండిలో కొత్త కట్టకి వంపెక్కువ. వంపెక్కువైతే రెండు కొసలూ దగ్గరవుతాయి. దాంతో షాకిల్ వెనక్కి వాలాల్సింది పోయి నిటారుగా, ఇంకా చెప్పాలంటే ఒకింత ముందుకి నిలబడి ఉంది. తలుపుకి అడ్డంగా మంచం వేసి తలుపు తెరుచుకోవడం లేదన్నట్టుంది.

దానికి తోడు షాకిల్ బోల్టులు ఎవడో బండి గాల్లో ఉండగానే బలమంతా పెట్టి బిగించాడు. అలా బిగిస్తే బండి కిందకి దించగానే రబ్బరు బుష్ మెలితిరిగిపోయి కూర్చుంటుంది. ఆ బోల్టులు బండి బరువు నేల మీద పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలట.

ఇహ నాలుగోది రాపిడి. దీని గురించి కాస్త నిలబడి మాట్లాడుకుందాం. ఒకే మందపాటి బద్ద పెట్టకుండా ఇన్ని పల్చటి పట్టీలు ఎందుకు పేరుస్తారో తెలుసా? పేకముక్కల కట్ట చేత్తో పట్టుకుని వంచి చూడండి, హాయిగా వంగుతుంది, ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి గనక. అదే కట్టని గంజి పెట్టి అతికించి వంచండి, చెక్కముక్కే. పట్టీల మధ్య పట్టిన తుప్పు ఆ గంజి. నా కట్టలో తుప్పుతో పాటు ఇంకోటి కూడా ఉంది. కింది పట్టీల కొసలు కత్తిరించింది కత్తిరించినట్టే పదునుగా ఉండి, పై పట్టీలోకి గోరులా దిగి గాట్లు పెట్టాయి. మేస్త్రీ కొసలన్నీ గుండ్రంగా గ్రైండింగ్ పట్టి, తుప్పు గోకి, కొసల దగ్గర నైలాన్ లాంటి జారుడు ముక్కలు పెట్టాడు. పట్టీలు చెదిరిపోకుండా పట్టే క్లిప్పులు నొక్కేసి ఉంటే అవీ వదులు చేశాడు. వెనకటి లారీల వాళ్లు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసేవారు. పని చేస్తుంది గానీ దుమ్ము పట్టి రెండు నెలల్లో గరుకు పేస్టవుతుంది, రబ్బరు బుష్ కి తగిలితే ఉబ్బగొడుతుంది.

ఇవన్నీ అయ్యాక అప్పుడు పట్టీ దగ్గరికి వచ్చాం. పట్టీ గట్టిదనం లెక్క వింతగా ఉంటుంది. పట్టీల సంఖ్య పెరిగితే గట్టిదనం అదే వంతున పెరుగుతుంది. మందం పెరిగితే మాత్రం ఘనంతో పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. నా కట్టలో 6 మిల్లీమీటర్ల పట్టీలు అయిదు, అడుగున 10 మిల్లీమీటర్ల మొద్దు పట్టీ ఒకటి. ఆరుని మూడుసార్లు గుణిస్తే 216, అలాంటివి అయిదు కలిపితే 1080. పదిని అలాగే గుణిస్తే 1000. పొడవుల తేడా పక్కన పెడితే, ఆ ఒక్క మొద్దూ పైనున్న అయిదింటికీ దాదాపు సమానం! నిజానికి అది ఓవర్‌లోడ్ పట్టీ. బరువు బాగా పడ్డాకే ఆసరాకి రావాలి. నా బండిలో ఖాళీగా ఉన్నప్పుడే ఆనుకుని కూర్చుంది.

దాన్ని తీశాడు. ఎలా తీశాడో చెప్పాలి, ఎందుకంటే మీలో ఒకరిద్దరైనా ఇంట్లోనే ప్రయత్నిస్తారని నాకు తెలుసు. ఛాసిస్ ని స్టాండ్ల మీద నిలబెట్టాడు, ఒట్టి జాకీని నమ్మలేదు. కట్టని రెండు బిగింపు క్లాంపులతో పట్టి ఉంచి అప్పుడు సెంటర్ బోల్టు విప్పాడు. లేకపోతే వంపులో ఉన్న పట్టీలు విడిపోయి చెంప పగలగొడతాయి. యు బోల్టులు పాతవి పారేసి కొత్తవి వేశాడు. "సాగిన బోల్టు మళ్లీ సాగుతుంది" అన్నాడు. రెండొందల కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్లీ బిగింపు చూపించుకోమన్నాడు. మొద్దు పోయాక కట్ట కొంచెం చదునైంది, కొసలు దూరం జరిగాయి, షాకిల్ దానంతటదే వెనక్కి వాలింది. ఎత్తు ముప్పావు అంగుళం తగ్గింది. షాకబ్జర్లు తేలిక బండివి మార్చాం.

ఆశ ఎంత చెడ్డదో చూడండి. "ఇంకోటి కూడా తీసేద్దామా మేస్త్రీ గారూ?" అన్నాను. ఆయన నవ్వి, "మెత్తగా ఉందని మంచానికి నవారు వదులు చేసుకుంటూ పోతే వీపు నేలకి తగుల్తుంది బాబుగారూ" అన్నాడు. మరీ మెత్తనైతే ప్రతి గుంటకీ ఇరుసు పోయి బంప్ స్టాప్ ని గుద్దుతుంది, అది పట్టీ దెబ్బ కన్నా పెద్ద దెబ్బ. యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు మెలితిరిగి కమాను పాములా వంకర్లు పోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు ఖాళీ. ఎత్తైన బండి మలుపులో ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. మధ్యలో ఓ పట్టీ పీకేస్తే పొడుగులో మెట్టు ఏర్పడి, సరిగ్గా ఆ మెట్టు దగ్గరే పై పట్టీ విరుగుతుంది. ఇక మెత్తబడుతుందని గ్యాస్ మంటతో కాల్చేవాళ్లూ ఉన్నారు. కాల్చారంటే ఉక్కుకి పెట్టిన పదును పోతుంది. అది మెత్తబడటం కాదు, చచ్చిపోవడం.

ఇంకో మాట. ఎత్తు పెంచడం అసలు చట్టం కళ్లలో పడే పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నేను చేశాను కదా అని మీరు చేయకండి. నాకే రెండంగుళాలు ఎందుకు పెంచానా అనిపిస్తోంది. పెంచకపోతే ఈ కబురంతా ఉండేది కాదు.

మొన్న మళ్లీ పాడేరు వెళ్లాం. బావమరిది తువ్వాలు మడిచి నెత్తిన పెట్టుకుని మరీ ఎక్కాడు. తిరిగొచ్చేదాకా తువ్వాలు తీయలేదు గానీ, బస్సు పేరు కూడా ఎత్తలేదు. తీసేసిన మొద్దు పట్టీలు రెండూ పారేయలేదు. నూనె పూసి, కుడి ఎడమలు రాసి, తీగతో కట్టి అటక మీద పెట్టాను. ఎప్పుడైనా నిజంగా బరువు మోయాల్సి వస్తే అవే మళ్లీ కావాలి.

మీ బండీ ఇలాగే కొడుతుంటే, స్పానరు పట్టుకునే ముందు కాటాకి వెళ్లండి. వెనక ఇరుసు మీద ఎన్ని కిలోలున్నాయో ఓ కాగితమ్ముక్క మీద రాసుకుని, అప్పుడు మేస్త్రీ దగ్గరికి వెళ్లండి.