మిద్దె కింద చల్లన, మిద్దె పైన సెగ

మదనపల్లెకు చల్లని ఊరని పేరు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పక్కనే హార్స్‌లీ హిల్స్. క్షయకు సరైన మందుల్లేని రోజుల్లో, గాలి మంచిదనే ఇక్కడి ఆరోగ్యవరంలో శానటోరియం పెట్టారు. అదే ఊళ్లో ఇప్పుడు ఏప్రిల్ వచ్చిందంటే కింది వాటావాళ్లు ఫ్యాన్ వేసుకొని నిద్రపోతారు, పై వాటావాళ్లు చాపా దిండూ పట్టుకొని మిద్దెక్కుతారు. ఇంటినుంచే పనిచేసే నాలాంటివాళ్లకైతే మధ్యాహ్నం లాప్‌టాప్‌కన్నా ముందు బుర్ర వేడెక్కుతుంది. పసిబిడ్డలున్న ఇంట్లో ఇది నవ్వుకొనే సంగతి కాదు.

తప్పు గాలిది కాదు, కప్పుది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు స్లాబు సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యాన్ దాన్నే మన మీదికి తోస్తుంది. కింది ఇంటి వేడిగాలి కూడా మెట్లదారిన పైకే చేరుతుంది. పోనీ ఏసీ పెడదామా అంటే, మెట్లకు తలుపు లేకపోతే చల్లగాలి కిందికి జారిపోతుంది. కరెంటు బిల్లు మాత్రం పైనే ఉంటుంది!

పొట్టి ఆవులకు పేరుపడ్డ పుంగనూరులో మా పిన్నమ్మవాళ్లు మిద్దె కడిగి, పగుళ్లు పూడ్చి, తెల్లని కూల్ పెయింట్ రెండు కోటింగులు వేయించారు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ 2023లో ఇందుకోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. "ఏసీ డబ్బులు మిగిలినాయి నాయనా" అంటుంది పిన్నమ్మ.

అక్కడినుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్తే, స్నేహితుడింట్లో రెండో ఉపాయం చూశాను. రాత్రి కింది కిటికీలూ, మెట్ల గది పైతలుపూ తెరుస్తారు. వేడి పైనుంచి వెళ్లిపోతుంటే చల్లగాలి కిందనుంచి లోపలికొస్తుంది. దోమలకు జాలీ ఉంది. పొద్దున ఎండెక్కకముందే అన్నీ మూసేస్తారు. రాత్రిళ్లు చల్లబడే మన ఎత్తు ఊళ్లకిది బాగా పనికొస్తుంది, ఉక్కపోసే కోస్తాలో ఇంత ఫలితముండదు. చలికాలం కథ తిరగబడుతుంది. కింద గ్రానైట్ నేల కాళ్లు కొరికేస్తుంది. అప్పుడు మెట్ల తలుపు మూస్తే కింది వెచ్చదనం పైకి పోదు.

కిటికీలు తెరవడం, మూయడం అద్దెకున్నవాళ్లూ చేసుకోగలరు. మిద్దెకు పెయింటు మాత్రం ఇంటివాళ్లే వేయించాలి. పై వాటాకు అద్దె తీసుకుంటున్నప్పుడు, అక్కడివాళ్లకు రాత్రి నిద్రపట్టేలా చూడటమూ వాళ్ల పనే కదా.